వేలి కొసన నరం

(పెద్దవయసువారి కోసం ఏర్పాటైన ఒక సభలో చర్మవైద్యుడు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని ఉంది. ముందు వరసలోంచి ఇద్దరు పైకి రావాలి. అమ్మా, మీరు రండి. పెద్దాయనా, మీరు కూడా. ఈ బల్ల మీద రెండు బేసిన్లలో వేడినీళ్లున్నాయి. థర్మామీటర్ పెట్టి చూశాం, 40 డిగ్రీలు. కాలదు. కుడిచెయ్యి మణికట్టు దాకా ముంచి, కుర్చీలో హాయిగా కూర్చోండి. చల్లారుతుంటే మా అబ్బాయి వేడినీళ్లు కలుపుతూ ఉంటాడు. నా మాటలు అయ్యేసరికి అరగంట అవుతుంది. అప్పుడు మీ వేళ్లు చూద్దాం.

మా అమ్మ చూడకుండా మల్లెపూలు కట్టేది. వాకిట్లో కూర్చుని, వచ్చేపోయేవాళ్లతో మాట్లాడుతూ, పూల వంక ఒక్కసారీ తల తిప్పకుండా. ఇటు రెండు, అటు రెండు, దారం మెలేసి ముడి. వేళ్లు వాటంతట అవే కట్టుకుపోయేవి. డెబ్భై దాటాక ఒకరోజు చూస్తే తల వంచుకుని, ప్రతి ముడినీ చూసి చూసి కడుతోంది. "చూపు ఆనడం లేదా అమ్మా?" అన్నాను. "చూపు బానే ఉందిరా, వేళ్లకే తెలియడం లేదు" అంది.

నేనప్పటికే ఇరవై ఏళ్లుగా చర్మవైద్యం చేస్తున్నాను. చర్మానికి వయసొచ్చిందంటే ముడతలు, మచ్చలు, పొడిబారడం, వదులవడం, ఇవే చూసేవాణ్ణి, ఇవే రాసేవాణ్ణి. వేళ్లకి తెలియకపోవడం కూడా చర్మం వయసే అని పుస్తకంలో చదువుకున్నాను గానీ, అది నాకు నిజంగా తలకెక్కింది ఆ రోజు వాకిట్లోనే. ఇవాళ మీకు చెప్పాలనుకున్నది అదే. చర్మం నరాల మీద బతుకుతుంది. నరాలు వెనక్కి తగ్గిన చోట చర్మానికి స్పర్శ ఒక్కటే పోదు. చెమట తగ్గుతుంది, మానే శక్తి తగ్గుతుంది, చివరికి పొర కూడా పలచబడుతుంది.

ఒక మాట ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు పొరబడకూడదు. ముఖం ముడతలు పడడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఎండ. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక ఫొటో వచ్చింది. 69 ఏళ్ల మనిషి, 28 ఏళ్లు లారీలాంటి బండి నడిపాడు. అమెరికాలో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు కాబట్టి కిటికీ అద్దంలోంచి ఎండ ఎడమ చెంప మీదే పడేది. ఆ చెంప దళసరిగా, లోతైన గీతలతో ఉంది. కుడి చెంప చూస్తే పదిహేను, ఇరవై ఏళ్లు చిన్నవాడిదేమో అనిపిస్తుంది. ఒకే మనిషి, ఒకే వయసు. కాబట్టి ఎండనీ పొగాకునీ పక్కన పెట్టి, అంతా నరాల వల్లే అని నేను చెప్పను. ఎండ పడని చోట, బట్టల మాటున ఉన్న చర్మం కూడా ముసలిదవుతుంది కదా. అరికాలు, పిక్క, నడుము. అక్కడ ఏం జరుగుతోందో చూసేటప్పుడు నరాల కథ బాగా కనిపిస్తుంది.

చర్మంలోకి వచ్చే నరాలు ఒక రకం కాదు. వేలి కొసల్లో, గరుకు ఎంత, నునుపు ఎంత, జారుతోందా లేదా అని చెప్పే చిన్న చిన్న గుళికల్లాంటివి ఉంటాయి. వాటిని మైస్నర్ కణికలు అంటారు. చిన్నపిల్లల వేళ్లలో కిక్కిరిసి ఉంటాయి. వయసుతోపాటు వాటి సంఖ్య తగ్గుతూ వస్తుంది, మిగిలినవాటి ఆకారం కూడా చెదురుతుంది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఎక్కువసేపు పట్టడం, జేబులో రూపాయి బిళ్లా రెండు రూపాయల బిళ్లా తేడా తెలియకపోవడం, గాజుగ్లాసు చేతిలోంచి జారిపోవడం, వీటిలో కొంత భాగం దీనివల్లే. మా అమ్మ పూలదారం కూడా ఇక్కడిదే.

ఇంకో రకం ఉంది, చాలా సన్నటివి. వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. వీటికి పైన కొవ్వు తొడుగు ఉండదు. అందుకే వీటి కబురు నెమ్మదిగా వెళ్తుంది, సెకనుకు సుమారు ఒక మీటరు. చీకట్లో గడపకు కాలి బొటనవేలు కొట్టుకుంటుంది చూడండి. ముందు చురుక్కుమని ఒక పోటు, ఒక క్షణం ఆగి అసలు నొప్పి సలుపుతూ వస్తుంది. ఆ రెండోది ఈ సన్న నరాల్లో నడిచి వచ్చిన కబురు. నొప్పి, వేడి, దురద ఎక్కువగా వీటి పనే. ఇవి చర్మం పై పొరలోకి, కణాల సందుల్లోకి, గడ్డిపోచల్లా పైకి లేచి ఉంటాయి.

వీటిని లెక్కపెట్టొచ్చు. చీలమండకు కొంచెం పైన మత్తు ఇచ్చి, 3 మిల్లీమీటర్ల చర్మం ముక్క తీసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే పై పొరలోకి ఎన్ని పోగులు వచ్చాయో తెలుస్తుంది. ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతుల్లోనే, ఇరవైల్లో ఉన్నవాళ్లతో పోలిస్తే ఎనభై దాటినవాళ్లకు చీలమండ దగ్గర చాలా తక్కువ ఉంటాయి. ముఖ్యంగా దూరాన ఉన్న కొసలు, అంటే పాదాలు, ముందు దెబ్బతింటాయి. చెరువు నుంచి పొలానికి కాలువ తీస్తే చివరి మడికే కదా ముందు నీళ్లు అందకుండా పోయేది. నరం కణం వెన్నుపూస పక్కన ఉంటుంది, దాని కొస కాలి బొటనవేలి దగ్గర ఉంటుంది. అంత దూరం ప్రాణం పంపాలి. షుగర్ ఉంటే ఇదే పని చాలా ముందుగా జరగవచ్చు.

సరే, నరం పోతే స్పర్శ పోతుంది, ఇది ఎవరైనా ఊహిస్తారు. చర్మం ఎందుకు పాడవాలి? ఇక్కడే అసలు విషయం ఉంది.

గుంటూరు మిర్చి యార్డు వైపు వెళ్లినవాళ్లకి తెలుసు. మిరపకాయలు ముట్టుకున్న చేతులు మండుతాయి, ఎర్రబడతాయి. కారం చర్మాన్ని కాల్చలేదు. కారంలో ఉండే పదార్థం సన్న నరాల కొసల మీద ఉన్న ఒక ద్వారాన్ని తెరుస్తుంది. అదే ద్వారం వేడికి కూడా తెరుచుకుంటుంది, అందుకే కారాన్ని మనం 'మంట' అంటున్నాం. ఆ ద్వారాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. 2021లో ఆయనకు, ఒత్తిడిని గుర్తించే ద్వారాలు కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి నోబెల్ వచ్చింది. మంట సంగతి అలా ఉంచండి, ఎర్రబడడం ఎందుకు? నరం మెదడుకి కబురు పంపడంతో ఊరుకోదు. అక్కడికక్కడే తన కొసల్లోంచి కొన్ని రసాయనాలు చర్మంలోకి వదులుతుంది. అవి రక్తనాళాల్ని విప్పుతాయి, రక్తం పెరుగుతుంది, ఎర్రబడుతుంది. అంటే ఈ నరం రెండు పనులు చేస్తోంది. కబురు తీసుకెళ్తుంది, చర్మానికి ఇవ్వాల్సింది ఇస్తుంది.

అలా వదిలే వాటిలో ఒకటి సబ్‌స్టెన్స్ పి. దాన్ని 1931లోనే కనుక్కున్నారు. రక్తనాళాలే కాదు, చర్మకణాలు పెరగడానికీ, చర్మాన్ని పట్టి ఉంచే దారపు పోగులు అల్లే కణాలు చురుగ్గా పనిచేయడానికీ ఇది సాయపడుతుందని ప్రయోగశాలల్లో చూశారు. దెబ్బ తగిలిన చోట మానడానికి ఇలాంటివి అవసరం. మరి నరం తీసేస్తే? 1999లో తైవాన్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో కాలి నరాన్ని కోసి చూశారు. ఆ పాదం మీద చర్మానికి ఏ గాయమూ చేయలేదు. అయినా పై పొర పలచబడింది, కణాలు కొత్తవి పుట్టడం తగ్గింది. ఎండ లేదు, వయసు లేదు, నరం ఒక్కటే లేదు.

చర్మం కూడా నరానికి తిరిగి ఇస్తుంది. చర్మకణాలు నరాల పెరుగుదలకు కావలసిన ఒక ప్రొటీన్‌ను తయారుచేస్తాయి. దాన్ని కనిపెట్టిన రీటా లేవీ-మోంటాల్చీనీ గురించి ఒక్క నిమిషం చెప్పకుండా ఉండలేను. ఇటలీలో యూదులని విశ్వవిద్యాలయాల నుంచి తరిమేసిన రోజుల్లో ఆవిడ తన పడకగదిలో కోడిగుడ్లు పెట్టుకుని పిండాల నరాలు పరిశోధించింది. ఆ దారిలోనే పోయి యుద్ధం తర్వాత అమెరికాలో ఆ ప్రొటీన్‌ను పట్టుకుంది. 1986లో నోబెల్ వచ్చింది. 103 ఏళ్లు బతికింది, 2012లో కన్నుమూసింది. ఆవిడ చూపించిన దాని అర్థం మనకు ఇక్కడ ఏమిటంటే, నరమూ చర్మమూ ఒకదాన్నొకటి పోషించుకుంటాయి. పొర పలచబడితే నరానికి అందే ఆసరా తగ్గుతుంది. నరం తగ్గితే పొర ఇంకా పలచబడుతుంది. ఎవరు ముందు తగ్గారన్నది వృద్ధుల చర్మంలో విడదీసి చెప్పడం కష్టం. కలిసే తగ్గుతూ వస్తారు.

ఈ సంగతి మన దేశం వైద్యులకు ఎప్పుడో తెలిసి ఉండాల్సింది. ఎందుకంటే మన దగ్గర కుష్ఠు ఉంది. ఆ సూక్ష్మజీవికి నరాలంటేనే ఇష్టం. పాతికేళ్ల కుర్రవాడి ముంజేతి మీద ఒక మచ్చ వస్తుంది. పాలిపోయి ఉంటుంది, పొడిగా ఉంటుంది, చెమట పట్టదు, వెంట్రుకలు రాలిపోతాయి, గిచ్చినా తెలియదు. చుట్టూ ఉన్న చర్మానికి పాతికేళ్లు, ఆ మచ్చలో చర్మానికి మాత్రం ఎనభై వచ్చినట్టు ఉంటుంది. నేను హౌస్ సర్జన్‌గా మొదట చూసిన మచ్చ అలాంటిదే, ఇప్పటికీ నా కళ్లముందు ఉంది.

ఆ జబ్బులో వేళ్లు ఎందుకు కురచబడతాయి? జబ్బే మాంసాన్ని తినేస్తుందని చాలాకాలం అందరూ నమ్మారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు రోగుల చేతుల్ని రోజూ గమనించి అది తప్పని చూపించాడు. నొప్పి తెలియక వేడిగిన్నె పట్టుకుంటారు, నొప్పి తెలియక గాయం మీదే పనిచేస్తారు, రాత్రి నిద్రలో ఎలుకలు కొరికినా మెలకువ రాదు. అలా రోజుకింత పోగొట్టుకుంటున్నారు. కాపాడుకుంటే ఆ వేళ్లు నిలిచాయి. నొప్పి ఎంత పెద్ద కాపలానో ఆయన చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేదని నా నమ్మకం. షుగర్ ఉన్నవాళ్ల పాదాలకు పుళ్లు పడేది కూడా ఈ దారిలోనే. చెప్పు ఊడిపోయినా తెలియదు, మేకు దిగినా తెలియదు. మామూలు వృద్ధాప్యంలో ఇది అంత ఘోరంగా జరగదు. కానీ దారి అదే.

చెమట గురించి ఎక్కువ చెప్పాలి, మన ఎండల్లో అది ప్రాణానికి సంబంధించిన విషయం. ఒంట్లో 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులు ఉంటాయి. అవి తమంతట తాము పనిచేయవు, నరం చెప్పాలి. వయసు మీదపడ్డాక ఆ కబురు అందడం మందగిస్తుంది, గ్రంథి ఇచ్చే చెమట తగ్గుతుంది, చర్మంలో రక్తనాళాలు తెరుచుకోవడం కూడా ఆలస్యమవుతుంది. అంటే లోపలి వేడి బయటికి పోయే రెండు దారులూ ఒకేసారి ఇరుకవుతాయి. పైగా వేడిగా ఉందన్న కబురూ ఆలస్యంగానే అందుతుంది. 2015 వేసవిలో వడగాడ్పులకు దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోతే, అందులో ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణల్లోనే. వాళ్లలో ఎండలో కూలిపనికి పోయినవాళ్లున్నారు, ముసలివాళ్లున్నారు. "నాకేం ఉక్క పొయ్యట్లేదు, ఫ్యాను వద్దు" అనే తాతయ్య మాట మీద మే నెలలో ఆధారపడకండి. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన చర్మం ఆయనకు చెప్పడం లేదు. చెమట తగ్గిన కాళ్ల మీద చర్మం పొడిబారి పొలుసులు లేస్తుంది, మడమలు పగులుతాయి. ఆ పగుళ్లలోంచే సూక్ష్మజీవులు లోపలికి పోయేది.

మీలో చాలామంది నన్ను అడగాలనుకుంటున్న ప్రశ్న దురద, నాకు తెలుసు. రాత్రి పడుకున్నాక వీపు, పిక్కలు దురదపెడతాయి. చూస్తే దద్దురు లేదు, ఏమీ లేదు. ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. పొడిబారడం ఒక కారణం. ఇంకొకటి 2018లో ఎలుకల్లో తేలింది. చర్మంలో మెర్కెల్ కణాలని ఉంటాయి, అవి మెల్లని తాకిడిని గుర్తిస్తాయి. ఆ కణాలు ఉన్నంతకాలం దురద కబురును కొంత అణచిపెడతాయి. వయసుతో, పొడిబారిన చర్మంలో అవి తగ్గిపోతే బట్ట అంచు తగిలినా దురదే అవుతుంది. అంటే కొన్ని కొసలు పోవడం వల్ల మిగిలినవి అదుపు తప్పుతాయి. తెలియడం తగ్గడం, ఎక్కువ తెలియడం, రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. "ఇది నీ భ్రమ" అని పెద్దవాళ్లతో అనకండి.

టెన్షన్ వల్ల జుట్టు నెరుస్తుందా అని కూడా అడుగుతుంటారు. 2020లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపించింది ఇది: తీవ్రమైన ఒత్తిడిలో వెంట్రుక మూలం చుట్టూ ఉన్న నరం ఒక రసాయనాన్ని ఎక్కువగా వదులుతుంది. రంగునిచ్చే మూలకణాలు దాని తాకిడికి ఒక్కసారిగా లేచి, ఖర్చైపోతాయి. తర్వాత వచ్చే వెంట్రుకకు రంగు ఉండదు. మనుషుల్లో ఎంత భాగం ఇలా జరుగుతుందో ఎలుకను చూసి చెప్పకూడదు.

నరం తగ్గితే చర్మం పాడవుతుందన్నాను కదా, ముడతల విషయంలో నరాలు చేసేది దానికి తిరగబడి ఉంటుంది. నుదుటి గీతలు, కనుబొమల మధ్య గీతలు కండరం ముడుచుకుని ముడుచుకుని పడేవి, ఆ కండరాన్ని ముడిచేది నరం. ముఖానికి వచ్చే నరం దెబ్బతిని ఒక వైపు ముఖం పడిపోయినవాళ్లని చూడండి, ఆ వైపు నుదుటి గీతలు మాయమవుతాయి. బోటాక్స్ సూది చేసేదీ ఇదే, నరం నుంచి కండరానికి పోయే కబురును మూడు నాలుగు నెలలు ఆపుతుంది. దాని గురించి ఇవాళ ఇంతకంటే చెప్పను. నా దగ్గరికి దాని కోసం వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, పాదాలు చూపించుకోవడానికి వచ్చేవాళ్లు చాలా తక్కువమంది. ఆ బాధ నాకుంది.

నరాలు తిరిగి వస్తాయా? కొంతవరకు వస్తాయి. మిరప మందు పదేపదే పూస్తే సన్న కొసలు వెనక్కి పోతాయి, ఆపేశాక కొన్ని వారాల్లో మళ్లీ పైకి వస్తాయి. ఈ చిన్న సంగతి నాకు చాలా ధైర్యం ఇస్తుంది. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంవాళ్లు షుగర్ వచ్చే దశలో ఉండి కాళ్లు తిమ్మిర్లు ఎక్కుతున్నవాళ్ల చేత ఏడాదిపాటు తిండి అదుపు, వ్యాయామం చేయించారు. 2006లో ప్రచురించిన ఆ ఫలితంలో చర్మంలో నరం పోగులు పెరిగినట్టు కనిపించింది. చిన్న పరీక్షే, పెద్దది కాదు. కానీ తిండి అదుపుతో, వ్యాయామంతో నరం కొస పెరగడం సూక్ష్మదర్శినిలో కనిపించిందంటే నేను నా రోగులకు నడవమని చెప్పడానికి అది చాలు. షుగర్ అదుపు, పొగాకు మానడం ఎలాగూ ఉన్నాయి. శాకాహారులు, చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు వాడుతున్నవాళ్లు విటమిన్ బి12 పరీక్ష చేయించుకోండి. అది తగ్గినా నరాలు దెబ్బతింటాయి, అది దిద్దుకోగలిగిన లోపం. నరాలను మేల్కొలిపే క్రీమ్ అని ఎవరైనా అమ్మితే ఆ డబ్బుతో మంచి చెప్పులు కొనుక్కోండి. స్నానం అయిన మూడు నిమిషాల్లో, ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే కొబ్బరినూనె గానీ మామూలు మాయిశ్చరైజర్ గానీ రాసుకోండి. వేళ్ల సందుల్లో మాత్రం రాయకండి. స్నానం నీళ్లు, కాపడం సంచీ వేడి పాదంతో చూసుకోకండి, మోచేత్తో చూడండి, లేదా ఇంట్లో చిన్నవాళ్ల చేత చూపించండి. షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికొకసారి డాక్టరు చేత పాదాలకు నైలాన్ పోగు పరీక్ష చేయించుకోండి. 10 గ్రాముల బరువుతో ఒక పోగును అరికాలికి తాకించి తెలిసిందా అని అడుగుతారు. రెండు నిమిషాల పని, నొప్పి లేదు.

ఇంకొక్క సంగతి. వెంట్రుకలున్న చర్మంలో, ముంజేతి మీద, వీపు మీద, మెల్లగా నిమిరితే మాత్రమే పలికే ఒక రకం సన్న నరాలున్నాయి. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో నిమిరితే బాగా పలుకుతాయి, అమ్మ బిడ్డను జోకొట్టి నిమిరే వేగం అన్నమాట. స్వీడన్ పరిశోధకులు చిన్నవాళ్లనీ పెద్దవాళ్లనీ ఇలా నిమిరి చూశారు. పెద్దవాళ్లకి తాకిడి తక్కువగా తెలిసింది. కానీ అది ఎంత హాయిగా ఉందని అడిగితే, వయసు పెరిగినకొద్దీ ఎక్కువ హాయిగా ఉందని చెప్పారు. మా అమ్మకి పూలదారం తెలియకుండా పోయిన తర్వాత కూడా నేను ముంజేతి మీద చెయ్యి వేస్తే కళ్లు మూసుకునేది. ఆ సంగతి నేను ఆలస్యంగా గమనించాను.

అరగంట అయింది. అమ్మా, చెయ్యి తియ్యండి. ఇదిగో, అన్ని వేళ్లూ ఎండుద్రాక్షలా ముడుచుకున్నాయి. నీళ్లు తాగి చర్మం ఉబ్బింది అనుకుంటాం. అసలు సంగతి అది కాదు. నరం ఆజ్ఞ ఇస్తే లోపల రక్తనాళాలు ముడుచుకుని, పైచర్మాన్ని లోపలికి లాగుతాయి. 1930లలోనే నరం తెగిన వేళ్లు నీళ్లలో ముడుచుకోవని లండన్ వైద్యులు గమనించారు, 1973 నుంచి దీన్ని నరాల పరీక్షగా వాడుతున్నారు. ఇంత చక్కగా ముడుచుకున్నాయంటే మీ నరాలు బాగా పనిచేస్తున్నాయి.

పెద్దాయనా, మీరు. నాలుగు వేళ్లు ముడుచుకున్నాయి. ఉంగరపువేలు చూడండి. సగం ముడత పడింది, చూపుడువేలి వైపు సగం నున్నగా ఉంది. ఈ వేలికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా? చెరుకు నరుకుతుంటే కొడవలి దిగిందా. ఎన్నేళ్లకి? పదహారేళ్లప్పుడు. ఇప్పుడు మీకు డెబ్భై నాలుగు. ఈ వైపు తాకుతున్నాను, తెలుస్తోందా? కళ్లు మూసుకుని చెప్పండి. తెలియడం లేదు. ఇటు? తెలుస్తోంది. మధ్యలో గీత గీసినట్టు ఆగిపోయింది చూడండి, సరిగ్గా ఆ తెగిన నరం చూసుకునే సగం దాకా. తువ్వాలు ఇవ్వరా అబ్బాయ్, పెద్దాయన చెయ్యి తుడుచుకుంటారు.